బైనాక్యులర్‌తో వేరియబుల్ చుక్కలు చూస్తే ఎవరికైనా పనికొస్తుందా?

ముమ్మిడివరం కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర ఒక ఊరు. రొయ్యల మేత కొట్టు చూసుకుంటాను. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర చుక్క వెలుగు బాగా పడిపోయిందని పేపర్లో చదివి డాబా ఎక్కాను. మా తాత ఆరుద్ర కార్తె, ఆరుద్ర కార్తె అంటూ ఉండేవాడు గానీ, ఆ పేరుతో ఒక చుక్క ఉందని, అది కూడా ఆరుద్ర పురుగులాగా ఎర్రటిదేనని అప్పటిదాకా నాకు తెలీదు. చూస్తే నిజమే, ఓరియన్ రెండో భుజం మీదుండే బెల్లాట్రిక్స్‌కీ దీనికీ తేడా కనపడలేదు. మామూలు రోజుల్లో బెల్లాట్రిక్స్ దీని ముందు ఆనదు. ఆ రాత్రి పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు.

పోయిన దసరాకి 10×50 బైనాక్యులర్ కొన్నాను. గురుడి చందమామలు, కృత్తికలు, ఓరియన్ నెబ్యులా అన్నీ చూసేశాను. మూడు నెలల్లో చూడాల్సినవి అయిపోయినట్టు అనిపిస్తోంది. వెలుగు మారే చుక్కల్ని (వేరియబుల్స్ అంటారట) చూసి లెక్క రాసి పంపితే సైంటిస్టులు వాడుకుంటారని విన్నాను. కానీ ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "ఆటోమేటిక్ టెలిస్కోపులు రోజూ ఆకాశమంతా ఫోటో తీస్తున్నాయి, నీ కన్నుతో ఎవరికి పనిరా బాబూ" అని తీసిపారేశారు. నిజమేనాండి?

ఇంకో సంగతి. మాకు ఉత్తరాన రొయ్యల చెరువుల లైట్లు. పడమర దూరంగా గ్యాస్ బావి మంట. తూర్పున కొబ్బరి చెట్లు. కాస్త తెరిపిగా ఉన్నది దక్షిణం ఒక్కటే. తొమ్మిది దాటితే లెన్సులు చెమ్మగిల్లిపోతున్నాయి. ఇలాంటి చోట ఏ చుక్కలు పెట్టుకోమంటారు?

చందమామ ఫ్యాన్:

బ్రో, 10×50తో ఏం వస్తుంది? ముందు 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ తీసుకో. వేరియబుల్ స్టార్స్ మహా బోర్. 1866లో ఓసారి, 1946లో ఓసారి పేలిన టీ కరోనా బొరియాలిస్ అనే చుక్క మళ్ళీ పేలుతుందని 2024లో అందరూ ఊదరగొడితే నేనూ నెల్లాళ్ళు నిద్ర పాడు చేసుకున్నా. ఏమీ అవ్వలా.

లాకు గేజీ:

ముమ్మిడివరం బాబూ, డాబ్సోనియన్ మాట తర్వాత చూద్దాం, డబ్బులు దాచుకో. నీ ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను ఇరిగేషన్‌లో లస్కరుగా చేరి లాకుల దగ్గరే రిటైరైనవాణ్ణి. పొద్దున్నా సాయంత్రం లాకు దగ్గర గేజీ చూసి రిజిస్టర్‌లో రాయడం నా పనుల్లో ఒకటి. రాతి మీద గీతలుంటాయి. నీళ్ళు ఏ రెండు గీతల మధ్య ఉన్నాయో చూసి, ఎంత భాగం ఎక్కిందో అంచనా కట్టి రాయాలి. అంతే. ఏళ్ళ తరబడి ఆ రిజిస్టర్ ఎవడూ తెరవడు. ఏదో ఒక ఏడాది చివరి భూములకి నీరు అందలేదని గొడవ వచ్చినప్పుడు మాత్రం పెద్దవాళ్ళంతా ఆ రిజిస్టర్ కోసమే పరిగెత్తుకొస్తారు. ఆ రోజు గేజీ రాయకపోతే తర్వాత ఎన్ని కోట్లు పెట్టినా ఆ అంకె దొరకదు. వేరియబుల్ చుక్కల పని కూడా అచ్చం అదే. పోలిక చుక్కలు గీతలు, మన చుక్క నీటిమట్టం.

నాకు ఈ పని అంటుకున్నది 1996 తుఫాను తర్వాత. నవంబరు 6 రాత్రి మా క్వార్టర్స్ వెనక కొబ్బరి తోట నేలమట్టమైంది. చెప్పుకోకూడని మాట గానీ, అంతవరకు మా డాబా మీద నుంచి దక్షిణం వైపు చూస్తే ఆకులే, ఆకాశం లేదు. వారాల తరబడి కరెంటు లేదు. మబ్బు విడిచాక ఓ అర్ధరాత్రి దాటి డాబా ఎక్కితే, తోట ఉండాల్సిన చోట అగస్త్యుడు ఒక్కడూ వెలుగుతున్నాడు. మా ఆవిడ చెట్ల కోసం ఏడుస్తోంది, నేను చుక్క చూస్తున్నాను. ఆ తిట్లు ఇప్పటికీ తింటున్నాను.

ఆ ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్ బంగళాలో దిగిన ఒక ఇంజనీరు గారు సాయంత్రం పడమర వైపు ఒక చుక్కని చూపించి, "పోయిన దసరాకి ఇది మామూలు కంటికి లేదయ్యా" అన్నారు. ఆ చుక్క పేరు మీరా. 1596లో ఫాబ్రీషియస్ అనే జర్మన్ పాస్టరు పట్టుకున్న చుక్క. 332 రోజులకోసారి వెలిగి, మళ్ళీ బైనాక్యులర్‌కి కూడా అందీ అందనంత మసకకి దిగిపోతుంది. మా కాలువ ఏటా కట్టేసి, మళ్ళీ నీళ్ళు వదిలినట్టే ఉంది కదా అనుకున్నాను. ఒక్కటే తేడా. కాలువకి తేదీ మా పైవాళ్ళు వేస్తారు. మీరాకి ఎవరూ వెయ్యరు, ఒక్కోసారి రెండో మాగ్నిట్యూడ్ దాకా వస్తుంది (మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), ఒక్కోసారి మూడు దాటకుండానే వెనక్కి తిరుగుతుంది. ఎందుకో చూసి రాస్తేనే తెలుస్తుంది.

ఇక ఆటోమేటిక్ టెలిస్కోపుల సంగతి. ఆ గ్రూపాయన చెప్పింది సగం నిజం. ఆసాస్-ఎస్ఎన్ అనే సర్వే ఆకాశమంతా ఫోటో తీస్తూనే ఉంటుంది. కానీ సుమారు 10, 11 మాగ్నిట్యూడ్ కంటే వెలుగున్న చుక్క దానికి ఎక్కువైపోతుంది, ఫోటోలో పొంగిపోతుంది. పాలు పొంగిపోయాక గిన్నెలో ఎన్ని ఉన్నాయో కొలవలేవు కదా, అదీ కథ. చిలీలో కట్టిన రూబిన్ టెలిస్కోప్‌కైతే 15వ మాగ్నిట్యూడ్ చుక్క కూడా అతి వెలుతురే. అంటే టెలిస్కోప్ పెద్దదయ్యేకొద్దీ మసక చుక్కలకి కాపలా పెరిగింది, కంటికీ బైనాక్యులర్‌కీ కనపడే చుక్కలు మాత్రం దిక్కులేనివైపోయాయి. నీ 10×50కి అందేది సరిగ్గా ఆ దిక్కులేని వాటా.

అందులోనూ నీకు దక్షిణం తెరిచి ఉంది. అది లోటని ఎవరన్నారు? ధ్రువనక్షత్రం మనకి పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే దక్షిణాకాశం మనకి చాలా దూరం కనపడుతుంది. ఎల్2 పప్పిస్ అనే చుక్క ఉంది, సిరియస్‌కీ అగస్త్యుడికీ తూర్పు పక్కన, సిగ్మా పప్పిస్ దగ్గర్లో. మన డాబాల మీద నుంచి 29 డిగ్రీల దాకా లేస్తుంది. లండన్ వాడికి అసలు ఉదయించదు, న్యూయార్క్ వాడికి దిగంతాన్ని పాకుతుంది. దాదాపు 140 రోజుల లయతో వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ, 1994 ప్రాంతం నుంచి మొత్తంగా మసకబారింది. చుట్టూ దుమ్ము కమ్మిందని తేల్చారు. ఎలా తేలిందనుకున్నావు? న్యూజీలాండ్‌లో ఔత్సాహికులు దశాబ్దాలపాటు కంటితో చూసి రాసిపెట్టిన అంకెలు ఉండబట్టే. ఆ దేశంలోనే ఆల్బర్ట్ జోన్స్ అని ఒకాయన జీవితంలో ఐదు లక్షలకి పైగా రీడింగులు రాశాడు. నేను ఇరవై ఎనిమిదేళ్ళలో పదకొండు వేలు కూడా దాటలేదు, ఆయన పేరు చెప్పుకుంటేనే సిగ్గేస్తుంది.

మొదటి ఏడాదికి నాలుగు చుక్కలు చాలు నీకు. ఎల్2 పప్పిస్ ఒకటి. రైజెల్‌కి కింద కుందేలు రాశిలో ఆర్ లెపోరిస్, కుంకుమబొట్టులా ఉంటుంది, 1845లో హిండ్ చూసినది. సింహరాశిలో మఖకి పడమరగా ఐదు డిగ్రీల దూరంలో ఆర్ లియోనిస్. ఎలాగూ మీరా. నలభై చుక్కల జాబితా రాసుకుని నెలలో వదిలేసేవాళ్ళని చాలామందిని చూశాను. నాలుగు చుక్కలు, పది రోజులకోసారి, ఏళ్ళ తరబడి. రోజూ చూడాల్సిన పని లేదు, అవి అంత తొందరగా కదలవు.

చూసే పద్ధతి. ఏఏవీఎస్ఓ అని 1911లో అమెరికాలో పెట్టిన సంఘం ఉంది. వాళ్ళ సైటులో చుక్క పేరు కొడితే చార్టు ఉచితంగా వస్తుంది. చార్టు మీద చుక్కల పక్కన 61, 67 అని అంకెలుంటాయి. అంటే 6.1, 6.7. మధ్యలో చుక్క పెడితే అదీ ఓ నక్షత్రమే అనుకుంటారని దశాంశ బిందువు తీసేశారు. మన చుక్క 61 కంటే మసక, 67 కంటే వెలుగు అనుకో. ఆ రెండింటి మధ్య దూరంలో మూడో వంతు దిగిందనిపిస్తే 6.3 రాయి. ఎర్ర చుక్కల్ని గుచ్చి గుచ్చి చూడకు. చూస్తున్నకొద్దీ కంట్లో వెలుగు పెరిగిపోయి మోసం చేస్తుంది. చప్పున చూపు అటూ ఇటూ తిప్పు, లేదా ఫోకస్ కొంచెం చెడగొట్టి గుండ్రటి మచ్చల్లా చేసి పోల్చు. చీకటికి కళ్ళు అలవాటు పడ్డానికి ఇరవై నిమిషాలు ఫోను ముట్టుకోకు. కనపడకపోతే "67 కంటే మసక" అని అదీ రాయి, అదీ రీడింగే.

నులక మంచం మీద వెల్లకిలా పడుకుని, మోచేతుల కింద తలగడ పెట్టుకుంటే బైనాక్యులర్ వణకదు. చెమ్మకి నల్ల చార్టు పేపరు గొట్టంలా చుట్టి లెన్సుల ముందుకి జానెడు వచ్చేలా రబ్బరు బ్యాండు వేయి. నేను పాత లుంగీ ముక్క కప్పి, చూసేటప్పుడే తీస్తాను.

ఒక్కటే హెచ్చరిక. మాలో కొంతమంది కుర్ర లస్కర్లు వానలో గేజీ దాకా పోకుండా కుర్చీలో కూర్చుని, నిన్నటి అంకెకి అర అంగుళం కలిపి రాసేసేవాళ్ళు. చుక్కల దగ్గర ఆ జబ్బు ఇంకా సులువుగా వస్తుంది. పోయినసారి ఎంత రాశావో చూసుకుని డాబా ఎక్కకు. నేను 1999లో ఆర్ లియోనిస్ మొదలుపెట్టి, పత్రికలో ఇచ్చిన తేదీ ప్రకారం పెరగాలి కాబట్టి పెరిగినట్టే రాస్తూ పోయాను. రెండు నెలలయ్యాక అనుమానం వచ్చింది. తీరా చూస్తే నేను చూస్తున్నది దాని పక్కనుండే 18 లియోనిస్. అది మారని చుక్క! మారని చుక్క మారుతున్నట్టు తొమ్మిది రీడింగులు రాశాను. ఆ పేజీ చింపలేదు, అలాగే ఉంచాను.

భీమవరం కెమెరా:

బాబాయి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. కానీ ఒక విషయంలో ఒప్పుకోను. కంటి లెక్కలో 0.2, 0.3 తేడా మామూలు. ఒకే చుక్కకి ఇద్దరు మనుషులు రెండు అంకెలు చెప్తారు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే మామూలు డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ ఉంటే 0.05 లోపు తేవచ్చు. నేను చేసేది ఇదీ: ఫోకస్ కాస్త చెడగొట్టి, ఐదారు సెకన్ల చొప్పున ఇరవై ఫోటోలు, జేపెగ్ కాదు, రా (RAW) ఫైళ్ళు. అందులో ఆకుపచ్చ చానల్ ఒక్కటే తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో పోలిక చుక్కలతో కొలుస్తాను. ఎల్2 పప్పిస్, ఆర్ద్ర లాంటి వెలుగు చుక్కలకి ఇది బ్రహ్మాండం. ఆర్ద్రకైతే దాని తేడాలు తక్కువ కాబట్టి కంటి లెక్క చాలదు. పైగా దానంత వెలుగున్న పోలిక చుక్క దగ్గర్లో లేదు.

ముమ్మిడివరం తమ్ముడూ, మీ ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్ ఎవరిదైనా పడి ఉంటే వదలకండి.

లాకు గేజీ:

అమ్మాయ్, నువ్వు చెప్పింది ఆర్ద్రకి నూటికి నూరుపాళ్ళు నిజం. చిన్న తేడాల చుక్కలకి కెమెరాయే కావాలి. కానీ ఆరు మాగ్నిట్యూడ్‌లు ఎక్కిదిగే ఆర్ లియోనిస్‌కి 0.2 ఏపాటి? వరద పది అడుగులు వచ్చినప్పుడు గేజీలో అంగుళం తప్పు పట్టుకుని కూర్చోం. పైగా వందేళ్ళ కిందటివాళ్ళూ కన్నుతోనే చూశారు కాబట్టి, ఆ పాత లెక్కకి మన లెక్క అతుకు పడుతుంది. ఇద్దరం చెరోలా చూద్దాం, ఎవరి పని వాళ్ళకుంది.

ఉద్యోగాలు చేసుకుంటూ ఇది కుదురుతుందా అని నన్ను అడిగేవాళ్ళకి రాధాగోవింద చంద్ర గారి సంగతి చెప్తుంటాను. బెంగాల్‌లో జెస్సోర్ ట్రెజరీలో చిన్న ఉద్యోగి. రూపాయి నాణేలు మంచివో కావో చూసుకునే పని. ఆయన ఏఏవీఎస్ఓకి 37,000కి పైగా రీడింగులు పంపాడు. వాళ్ళే ఓడలో ఒక ఆరంగుళాల టెలిస్కోప్ ఆయనకి పంపించారు. మన దక్షిణాదిలో ఇంకా ముందు, 1867లో, మద్రాసు అబ్జర్వేటరీలో అసిస్టెంటుగా ఉన్న చింతామణి రఘునాథాచారి గారు ఆర్ రెటిక్యులి అనే వేరియబుల్‌ని కనిపెట్టారు. ఆ చుక్క మనకి దక్షిణ దిగంతం మీద పదిన్నర డిగ్రీలకి మించి లేవదు. అంతర్వేది బీచిలో నిలబడితే సముద్రం మీద అడ్డేమీ ఉండదు. నేను అక్కడికి నాలుగు సార్లు వెళ్ళాను, రెండు సార్లే దొరికింది, మిగతా రెండూ పొగమంచు. మనవాడు కనిపెట్టిన చుక్కని ఇప్పుడు మన దేశం నుంచి ఎంతమంది చూస్తున్నారో?

చందమామ ఫ్యాన్:

పెద్దాయనా, వర్షాకాలం నాలుగు నెలలు ఏం చేస్తారు? జూన్ నుంచి అక్టోబర్ దాకా మనకి ఆకాశం ఎక్కడుంది?

లాకు గేజీ:

మంచి ప్రశ్న అడిగావు, ఈసారి నిజంగానే. మబ్బు ఉన్నన్నాళ్ళు ఖాళీయే. ఇంకో ఊరివాడో ఇంకో దేశంవాడో నింపుతాడు. అందుకే ఒక్కడి రిజిస్టర్ చాలదు. కానీ సూర్యుడి వెనక నుంచి చుక్క బయటికొచ్చే రోజుల్లో, వేకువ నాలుగింటికి లేచి తూర్పున చూసేవాడి రీడింగ్ అన్నిటికంటే విలువైనది. సాయంత్రం అందరూ చూస్తారు, వేకువన ఎవడూ లేవడు. నాకు లాకు డ్యూటీ పుణ్యమా అని ఆ మెలకువ అలవాటైపోయింది. శ్రావణంలో గంటసేపు మబ్బు చీలినా ఎక్కేస్తాను.

ముమ్మిడివరం కుర్రోడు:

బాబాయి గారూ, చార్టులు ప్రింటు తీసుకుని మూడు రాత్రులు కూర్చున్నానండి. కనుమ నాడు ఊళ్ళో లైట్లు ఎక్కువ, కుదరలేదు. నిన్న రాత్రి పదకొండు దాటాక ఎల్2 పప్పిస్ దొరికింది. పక్కింటివాళ్ళ కొబ్బరి మట్ట గాలికి ఊగినప్పుడల్లా దాని మీదకొచ్చి పోతోంది. మట్ట అటు వెళ్ళగానే చూసి, ఇటు రాగానే ఆగి, అలా అరగంట. చివరికి 5.1 అని రాశాను. దాని కింద ఎల్1 ఉందే, దానికంటే కొంచెం మసకగా ఉంది. మీరు చెప్పిన చార్టు పేపరు గొట్టం వేశాక చెమ్మ పట్టలేదు. మా అమ్మ కిందనుంచి "ఏం చేస్తున్నావురా అక్కడ" అని మూడుసార్లు అరిచింది.

ఆర్ లెపోరిస్ నిజంగా కుంకుమబొట్టేనండి, చూడగానే తెలిసిపోయింది. 7.6. ఆర్ లియోనిస్ 5.7.

రెండు అనుమానాలు. టైము మన గడియారం ప్రకారం రాయాలా? జూలియన్ డేట్ అని ఏదో అడుగుతోంది, అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందా?

లాకు గేజీ:

శభాష్. ఎల్2 పప్పిస్‌కి మట్ట సంగతి కూడా పక్కన రాసుకో, రేపు అనుమానం వస్తే పనికొస్తుంది.

టైము యూటీలో, అంటే గ్రీన్విచ్ టైములో పంపాలి. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసెయ్. జూలియన్ డేట్ అంటే నెలలూ ఏళ్ళూ లేకుండా రోజుల్ని వరుసగా లెక్కపెట్టే అంకె. ఆ రోజు గ్రీన్విచ్ మధ్యాహ్నం పన్నెండుకి మారుతుంది, అంటే మనకి సాయంత్రం ఐదున్నర. కాబట్టి మన రాత్రంతా ఒకే రోజు కిందకి వస్తుంది, అర్ధరాత్రి గొడవ లేదు. సైటులో మామూలు తేదీ ఇచ్చినా అదే మార్చుకుంటుంది. నేను మొదటి రెండేళ్ళు ఐదున్నర గంటలు తియ్యడం మర్చిపోయాను. ఆర్ లియోనిస్ లాంటి 310 రోజుల చుక్కకి ఆ తేడా పెద్ద లెక్కలోది కాదు గానీ, అల్గోల్ లాంటి, కొన్ని గంటల్లోనే మసకబారి తేరుకునే గ్రహణ చుక్కకైతే రీడింగ్ చెత్తబుట్టలోకే.

ఆర్ లియోనిస్ 5.7 అన్నావు. ఇంకోసారి చూడు బాబూ. అక్కడ మూడు చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి. నువ్వు చూసింది ఎర్రగా ఉందా? 19 లియోనిస్‌కి అంటుకున్నట్టు దక్షిణంగా ఉందా, లేక కాస్త ఎడంగా వాయవ్యంగా ఉందా?

ముమ్మిడివరం కుర్రోడు:

ఇప్పుడే డాబా దిగొచ్చానండి. అంత ఎర్రగా లేదు. వాయవ్యంగానే ఉంది. 18 లియోనిస్. అసలుది దాని కిందుగా, 7.4 దగ్గర, ఎర్రగా.

నా పేజీ కూడా చింపనండి.